ఒక ఇంటి ఉమ్మి

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను జనం రక్తం తీశాను. రిటైరయ్యే ముందు చివరి కొన్నేళ్లు వాళ్ల ఉమ్మి పట్టాను. రెండిట్లో ఏది కష్టమని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే మీలాంటి పిల్లలు అడుగుతుంటారు. ఉమ్మే, అనుమానం లేదు. రక్తమైతే చెయ్యి చాపి, మొహం అటు తిప్పుకుంటారు, పని అయిపోతుంది. ఉమ్మి అడిగితే ముందు నవ్వుతారు, తర్వాత సిగ్గుపడతారు, ఆ తర్వాత ఎందుకని అడుగుతారు. ఆ ఎందుకుకు జవాబు చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ జవాబు మీకూ చెప్పాలి కదా. హెర్పిస్ జాతిలో ఒక వైరస్ ఉంది. ఒంట్లో చేరినా చాలామందికి బతికినన్నాళ్లూ ఏమీ చెయ్యదు, ఒక మూల పడి ఉంటుంది. రోగాన్ని తట్టుకునే శక్తి బాగా పడిపోయినవాళ్లలో మాత్రం చర్మం మీద, నోట్లో, ఒక రకం క్యాన్సర్‌కు కారణమవుతుంది. ఆఫ్రికాలో చాలా చోట్ల అది ఎక్కువ, మధ్యధరా సముద్రం ఒడ్డున ఓ మాదిరి, మన దగ్గర తక్కువ అంటారు. అన్నిచోట్లా ఒకే రకం కూడా కాదు. మనుషులు వలసపోయిన దారుల్లోనే అదీ పోయి, ఒక్కో జనంలో ఒక్కో శాఖగా చీలింది. చిన్నతనంలో, ఇంట్లోవాళ్ల ఉమ్మి నుంచే ఎక్కువగా అంటుకుంటుంది. మన పల్లెల్లో అసలెంతమందిలో ఉంది, ఉన్నది ఏ శాఖ అని చూడటం మా పని.

హైదరాబాదు నుంచి ఒక పెద్ద డాక్టరు ఈ సర్వే నడిపేవారు. సూర్యాపేటలో కిరాయికి తీసుకున్న రెండు గదులు మా ఆఫీసు. దవాఖాన నుంచి నన్ను డిప్యుటేషన్ మీద పంపి, అక్కడి పనంతా చూసుకోమన్నారు. కోదాడ నుంచి ఒక డ్రైవరు, ఊళ్లు తిరిగి ట్యూబులు నింపించుకొచ్చే కాంట్రాక్టు పిల్లలు కొందరు. వాళ్లలో నిడమనూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్నకు కాస్త వరి పొలం, అమ్మ కూలికి పోయేది. ఆ ఇంట్లో మొదటి నెలజీతం తెచ్చిన మనిషి ఈ అమ్మాయే. ఎండలో నడిచీ నడిచీ మొహం నల్లబడినా, ఐస్ పెట్టెను చంకన బెట్టుకుని బస్సులో పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చేది.

ఇప్పుడు ఒక పద్ధతి గురించి చెప్పాలి, కథంతా అక్కడే ఉంది. మిర్యాలగూడ దగ్గరి పల్లెలో మేము మొదటిరోజే బోర్లా పడ్డాం. మామ వాకిట్లో కూర్చుంటే కోడలు గొంతెత్తి మాట్లాడని ఇల్లు. ఆమె చేతిలో ట్యూబు పెట్టి ఉమ్మమన్నాం. పాపం, ఆ పిల్ల ట్యూబు పట్టుకుని గోడకేసి నిలబడిపోయింది. మామ దగ్గాడు. అత్త మమ్మల్ని చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. పెద్దవాళ్ల ఎదుట ఉమ్మడం మా వైపు మర్యాద కాదు, అది ఏ ట్యూబులోకైనా సరే. ఆ రోజు నుంచి ట్యూబులు లోపలికిచ్చి, మేము గడప బయట కూర్చునేవాళ్లం. కళ్ల ముందే పట్టాలని పుస్తకాల్లో రాసుంటే రాసుంది. డాక్టరుగారు కూడా ఒప్పుకున్నారు. ఆ పద్ధతి తప్పని నేనిప్పటికీ అనను.

అట్లా ఓ ఏడాది గడిచాక ఒకరోజు డాక్టరుగారి ఫోను. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. మిర్యాలగూడ అవతల గొర్లు కాసుకునే ఒక కుటుంబంలో తాత, అవ్వ, కొడుకు, కోడలు, చిన్న మనవడు, అందరి ఉమ్మిలోనూ ఆ వైరస్ దొరికింది. అదీ ఒకే శాఖ, వీసమెత్తు తేడా లేకుండా. ఊళ్లకు ఊళ్లు తిరిగినా ఎక్కడో ఒక్కరిలో కనబడితే గొప్ప అనుకుంటున్న వైరస్, ఒకే కప్పు కింద అందరిలో! ఆ ఇంటి ట్యూబులు తెచ్చింది నిడమనూరు అమ్మాయే. ఆఫీసులో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాను. ఆ అమ్మాయి సిగ్గుపడుతూ, “నేనేం జేసిన మేడం, ఉన్నది తెచ్చిన” అంది.

కొన్నాళ్లకు డాక్టరుగారే వచ్చారు. ఈసారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. గొప్ప ఫలితం వచ్చిందని మురిసిపోకుండా మళ్లీ సరిచూసుకునే మనిషి ఆయన, అది ఆయనలో నాకు నచ్చిన గుణం. ఉమ్మిలో వైరసే కాదు, ఆ మనిషి కణాలూ ఉంటాయి. ఆడో మగో తెలిసిపోతుంది. ఆ ఇంటి మగవాళ్ల ట్యూబుల్లో ఉన్నది ఆడమనిషి ఉమ్మి. ఇంకా చూస్తే, అన్ని ట్యూబుల్లోనూ ఒకే ఆడమనిషిది.

తలుపు వేసి ఆ అమ్మాయిని పిలిచాం. ఆయన మెత్తగానే అడిగారు.

“ఎండకు తిరగలేక, ఏ చెట్టు కిందో కూర్చుని నువ్వే నింపావా అమ్మా? నిజం చెబితే నేనేమీ అనను.”

“లేదు సార్. ఆ ఇంటికి పొద్దుగాల్నే పోయిన. మొగోళ్లు ఎనక గొర్ల దొడ్లె ఉన్నరు. అవ్వ బుడ్డీలన్ని తీస్కపోయి నింపిచ్చుకొచ్చింది. నేను గడపల కూసున్న.”

“సరే. అయితే నీ ఉమ్మి కొంచెం ఇవ్వు. పోల్చి చూస్తే నువ్వు కాదని తేలిపోతుంది.”

న్యాయమైన మాటే అనిపించింది నాకు. ట్యూబు కూడా నేనే తీసి బల్ల మీద పెట్టాను. ఆ అమ్మాయి దాన్ని ముట్టుకోలేదు.

“నేను ఇయ్య సార్.”

“ఎందుకివ్వవు?”

“ఇంటింటికి తిరిగి ఒక్కటే మాట చెప్పిన సార్. మీకు ఇష్టం లేకుంటే ఇయ్యకున్రి, ఎవ్వరు జబర్దస్తీ చెయ్యరు, ఎందుకని గూడ అడగరు అని. మీరు నేర్పిన మాటనే. ఆ మాట నాకు లేదా?”

 డాక్టరుగారికి కోపమూ వచ్చింది, ఆ కోపానికి సిగ్గూ వేసినట్టుంది. చివరికి, సోమవారం పైకి రిపోర్టు పంపాలని, ఈలోపు ఏమీ తేలకపోతే నమూనాలు తారుమారు చేసిందని ఆమె పేరు రాయక తప్పదని చెప్పి వెళ్లిపోయారు. ఆ రిపోర్టు పైకి వెళ్లిందంటే కాంట్రాక్టు పోవడం ఒక్కటే కాదు, చిన్న రక్తపరీక్షల దుకాణం కూడా ఆమెను గడప తొక్కనివ్వదు. పక్కగదిలో తోటిపిల్లలు అప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు. తప్పు లేనిదైతే ఎందుకియ్యదు అని.

నేను ఊరుకుంటానా? బస్టాండు దాకా వెంటపడి తిట్టాను. “ఉమ్మితే నీ సొమ్మేం పోతదే? నీ కొలువు నిలవడతది గద!”

“మీరు గూడ నన్ను దొంగ అనుకుంటున్నరా మేడం?”

“అనుకుంటే ఇంత దూరం నీ ఎంట నడుస్తనా?”

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే మిర్యాలగూడ బస్సెక్కింది. మొండిదాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేనూ మొండిదాన్నే కాబట్టి అనుకుంటా.

మర్నాడు డ్రైవర్ని తీసుకుని ఆ ఊరికి బయల్దేరాను. మిల్లుల దగ్గర తవుడు దుమ్ము, ఆ తర్వాత సాగర్ కాలువ, కాలువ పక్కన నాట్లు. దారి పొడుగునా డ్రైవరు తన ధోరణిలో ధైర్యం చెబుతున్నాడు. “ఆ పిల్ల అట్లాంటిది కాదు మేడం. మొన్న జీపులో నా టీ డబ్బులు పడిపోతే వెతికి ఇచ్చింది. ఉమ్మి దొంగతనం చేస్తదా చెప్పండి?” ఉమ్మి దొంగతనం అన్న మాటకు ఆ పరిస్థితిలోనూ నవ్వాగలేదు నాకు.

అవ్వ వాకిట్లో ఉంది. పిడికెడు మనిషి, చేతులకు వెండి కడియాలు, చెవి మీద దోపిన చుట్ట ముక్క. మనవడిని ఒళ్లో పెట్టుకుని పల్లీలు నములుతూ, నమిలిన ముద్ద వేలితో తీసి వాడి నోట్లో పెడుతోంది. వాడు పిట్టపిల్లలా నోరు తెరుస్తున్నాడు. కోడలు నాకు మంచం వాల్చి, నీళ్లిచ్చి లోపలికి పోయింది.

“ఆ నల్లపిల్ల రాలేదా? మంచిగ మాట్లాడుతది” అంది అవ్వ.

“ఆమె కొలువు పోయేటట్టున్నది అవ్వా.”

“అయ్యో, ఏమైంది?”

“మీ ఇంటి బుడ్డీలల్ల ఆమెనే ఉమ్మి తెచ్చిందంటున్నరు. అన్నిట్ల ఒక్క ఆడమనిషిదే ఉన్నదట.”

అవ్వ నమలడం ఆపేసింది. మనవడు నోరు తెరిచే ఉన్నాడు. లేచి, వాణ్ని నేల మీద దించి, “దా బిడ్డా, గొర్రెపిల్లలను సూపిస్త” అంటూ నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయింది. దొడ్లో మందతో పంపని చిన్న గొర్రెపిల్లలు రెండు మూడు ఉన్నాయి. ఆమె వాటిని చూడలేదు.

“అవన్ని నావే” అంది. “ఒక్కదాన్నే నింపిన. రెండు బుడ్డీలకే నోరెండిపోయింది. చింతపండు సప్పరించుకుంట నింపిన.”

 ముందు నవ్వొచ్చింది, నిజం చెప్పాలి. ఉమ్మి ఊరక, చింతపండు చప్పరిస్తూ, ఇంటిల్లిపాదికీ తనే ఉమ్మిన ముసలమ్మను తలుచుకుని. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

“ఎందుకు చేసినవ్ అవ్వా?”

“నాకొక బిడ్డ ఉండె. దాని మొగడు లారీ మీద పోయేటోడు. గిట్లనే ఒకసారి పరీచ్చలని వచ్చి అందరి రక్తం తీసిన్రు. ఇద్దరికి గా ఎయిడ్సు, పెద్దరోగం ఉన్నదన్నరు. వాడు తెచ్చిండు ఆ రోగం. కని అత్తగారోళ్లు దీన్ని ఎల్లగొట్టిన్రు. నీ పాపమే అన్నరు. నా ఇంటికే వచ్చింది. గప్పుడు మందులు గిట్ల దొరికెటియి కాదు. కాళ్ల మీద నేరేడు పండ్ల లెక్క మచ్చలొచ్చినయ్, నోట్లె గూడ. బువ్వ మింగనిచ్చెటియి కాదు. నా చేతులల్లనే పోయింది.”

కొంగుతో మొహం తుడుచుకుంది.

“నా కోడలు మంచిది. నా కొడుకు గూడ మంచోడే. కని ఎవరి ఉమ్మిల ఏమున్నదో ఎవరికెరుక? ఒకేళ మొగోళ్లకు ఉన్నదని తేలినా, మాట దాని మీదికే వస్తది. నా బిడ్డకు అట్లనే అయింది గద. అందుకే అన్ని నేనే ఇచ్చిన. ఏమొచ్చినా నాకే రానీ అనుకున్న. ఆ పిల్ల మీదికి వస్తదని నాకేమెరుక?”

నేరేడు పండ్ల రంగు మచ్చలు. సర్వేకు ముందు డాక్టరుగారు మాకు తెర మీద బొమ్మలు చూపించారు. కాళ్ల మీద, అంగిట్లో, ఊదారంగు మచ్చలు. మా వైరస్ చేసే క్యాన్సర్ అదే. ఆ అవ్వ ఉమ్మిలో ఉన్నదీ ఆ వైరసే. వాకిట్లో మనవడు ఇంకా పల్లీల కోసం పిలుస్తున్నాడు. నేను అక్కడే గడ్డి మోపు మీద కూర్చున్నాను. ఆ సంగతి అవ్వకు చెప్పలేదు.

“నువ్వేం రావద్దు అవ్వా. నేను పోయి డాక్టరుకు చెప్త, ఎవ్వరికి తెల్వకుంట” అన్నాను చివరికి.

“ఆ పిల్ల మాటనే నమ్మనోడు నీ మాట నమ్ముతడా? నేనే వస్త.”

కోడలికి దవాఖానకని చెప్పి, గోచీ చీర సరిచేసుకుని వచ్చి జీపులో ముందు సీట్లో కూర్చుంది. డ్రైవరు సీటు బెల్టు పెట్టబోతే, “నన్నెందుకు కట్టేస్తున్నవ్ కొడుకా, ఉరుకుతనా?” అంది. అతను సూర్యాపేట దాకా నవ్వుతూనే ఉన్నాడు, మధ్యమధ్యలో “వాంతొస్తే చెప్పండవ్వా, ఆపుతాను” అంటూ.

డాక్టరుగారు సోమవారం కాకముందే వచ్చారు, నేను ఫోన్ చేశాను కాబట్టి. ఆ అమ్మాయినీ రమ్మన్నాను. అవ్వ కుర్చీలో కూర్చోనంది. నిలబడే అంతా చెప్పింది, చింతపండుతో సహా. బిడ్డ సంగతి చెప్పేటప్పుడు మాత్రం డాక్టరు వైపు కాకుండా నిడమనూరు అమ్మాయి వైపు చూస్తూ చెప్పింది. చెప్పాక బల్ల మీద ఉన్న ట్యూబు తనే తీసుకుంది. ఆ అమ్మాయి కోసం నేను పెట్టిన ట్యూబే అది, ఎవరూ తియ్యలేదు.

“నా మాట నమ్మకుంటే గిది సూస్కోరి” అని అందరి ఎదుటా అందులో ఉమ్మింది. ఆ తర్వాత సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

డాక్టరుగారు లేచి నిలబడ్డారు. ఆ అమ్మాయికి చేతులు జోడించి, “నాదే తొందరపాటమ్మా. నువ్వు అడిగిన మాట సరైన మాట. దానికి నా దగ్గర జవాబు లేక కోపం తెచ్చుకున్నాను” అన్నారు. పెద్ద ఉద్యోగంలో ఉన్నవాళ్లు తమ కింద పనిచేసే పిల్లల ముందు ఆ మాట అనడం నేను మరెక్కడా చూడలేదు. మీరు పెద్దవాళ్లయ్యాక గుర్తుంచుకోండి.

పని అయిపోయిందనుకున్నాం. అవ్వ కదల్లేదు.

“ఇంతకు నా ఉమ్మిల ఏమున్నది సారూ?”

ఆయన చెప్పారు. దాచలేదు, భయపెట్టలేదు. ఒక పురుగు ఉందని, ఆమెకు దానివల్ల ఏ హానీ కనబడటం లేదని, బహుశా చిన్నప్పుడే వచ్చి ఉంటుందని, ఎక్కువగా ఉమ్మితోనే అంటుకుంటుందని. మనవడికి నమిలి పెట్టవద్దని కూడా అన్నారు. అవ్వ అన్నీ విని, కాసేపు కడియాలు తిప్పుకుంటూ నిలబడింది.

“నా బిడ్డకు గూడ నమిలే పెట్టిన సారూ. దాని మచ్చలు… గియ్యేనా?”

ఆయన నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. అబద్ధం చెబుతారేమో, చెప్తే బాగుండనుకున్నాను.

“ఆ మచ్చలు ఈ పురుగు వల్లనే కావచ్చమ్మా” అన్నారాయన. “కానీ అది మీ దగ్గర్నుంచి వచ్చిందా, ఇంకెక్కడి నుంచైనా వచ్చిందా అని చెప్పడానికి ఇప్పుడు దారి లేదు. ఎవరూ చెప్పలేరు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ పెద్దరోగానికి మందులు అంది ఉంటే ఈ పురుగు ఆమెను ఏమీ చేసి ఉండేది కాదేమో. మీ అమ్మ మీకు పెట్టినట్టే మీరూ పెట్టారు. అది తప్పు కాదు.”

అవ్వ తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. నిడమనూరు అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. మెట్ల మీద కూర్చుని ఇద్దరూ చాలాసేపు ఉన్నారు. డ్రైవరు టీలు తెచ్చి పక్కన పెట్టి వచ్చేశాడు.

తర్వాత ఆ ఇంట్లో మళ్లీ ఉమ్మి పట్టాం. ఈసారి ఒక్కొక్కరిని విడిగా లోపలికి పంపి, తలుపేసి. ఫలితం ఎవరిది వాళ్లకే చెప్తాం, మొగుడిది పెళ్లానికి చెప్పం, కోడలిది అత్తకు చెప్పం అని ముందే మాటిచ్చి. ఆ మాట ఆ అమ్మాయి చెబితేనే డాక్టరుగారు అన్ని ఊళ్లకూ పెట్టారు. కాబట్టి ఆ ఇంట్లో మిగతావాళ్ల ఉమ్మిలో ఏముందో మీకూ చెప్పను. అవ్వది మాత్రం చెప్పొచ్చు, అది ఆమే ఊరంతా చెప్పుకుంది. ఆమెలో ఉన్నది ఆసియాలో ఇంకొన్ని చోట్ల కనబడే శాఖకు చుట్టమేనట. ఎన్ని తరాల అమ్మలు నమిలి పెట్టిన ముద్దల మీద నడిచి ఇక్కడిదాకా వచ్చిందో.

సర్వే ముగిశాక, నా రిటైర్మెంటుకు కొంచెం ముందు, ఆ అమ్మాయికి ఒక పెద్ద ల్యాబులో పర్మినెంటు ఉద్యోగం వచ్చింది. అవ్వకు చెప్పి పోతానంది. ఇద్దరం వెళ్లాం. అవ్వ చిన్న రోట్లో పల్లీలు దంచుతోంది. మనవడు కాస్త పొడుగయ్యాడు.

“నమిలి పెట్టుడు బందు వెట్టిన. గిట్ల దంచి పెడ్తే వీడు తింటలేడు, రుచి లేదంటడు” అని ఫిర్యాదు చేసింది.

ఉద్యోగం సంగతి వినగానే రోకలి వదిలేసి, ఆ అమ్మాయి బుగ్గలు రెండు చేతులతో తడిమి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది. మా వైపు దిష్టి తియ్యడం అంతటితో అయిపోదు. మూడుసార్లు థూ థూ అని ఉమ్మాలి. అవ్వ నోరు తెరిచి, ఆగిపోయింది. గబుక్కున కొంగు లాగి నోటికి అడ్డం పెట్టుకుని, “ఉత్త గాలే బిడ్డా, భయపడకు” అని, ఆ బట్టలోపలే చప్పుడు చేసింది.

 ఆ అమ్మాయి అవ్వ ముందు గొంతుక్కూర్చుని, ఆ కొంగును మెల్లగా పక్కకు తీసింది.

“గాలికి దిష్టి పోతదా అవ్వా? మంచిగ ఉమ్ము.”

ల్యాబులో జీవితమంతా గడిపినదాన్ని, వద్దని నేను అనాల్సింది. నేను గొర్రెపిల్లలను చూడ్డానికి ఇంటి వెనక్కి పోయాను.